సాగుదారు గడి

సుధేష్ణ మూడో చిక్కుడు మొక్కను వేళ్లతో సహా పెకలించి పక్క ప్లాటు కంచె మీదికి విసిరింది. ఎర్రటి పూలతో నిండిన తీగ కంచెకు వేలాడింది.

"కాలింకా గట్టిపడలేదు. కాస్త నెమ్మది," అన్నాడు ఆమె భర్త శశికాంత్, కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ.

"చేతులు గట్టిగానే ఉన్నాయిలే."

తొమ్మిది వారాల కింద ఇంట్లో మెట్ల మీద జారి ఆమె కాలు విరిగింది. వాళ్లుంటున్న లిమరిక్ ఊరవతల, కూరగాయలు పండించుకునేవాళ్లకు ముక్కలుగా అద్దెకిచ్చే ఈ తోటలకు బస్సు లేదు. శశికాంత్‌కు మెంతికూరకూ గడ్డికీ తేడా తెలియదు కాబట్టి తోట వైపు అడుగు పెట్టొద్దని ఆమే కట్టడి చేసింది. నిన్న కట్టు విప్పారు, ఇవాళ వచ్చింది. చూస్తే పద్నాలుగో నంబరు ప్లాటులో, వెయిటింగ్ లిస్టులో రెండేళ్లు పడిగాపులు కాసి సంపాదించుకున్న తన నేలలో, తను వేయని చిక్కుడు ఏపుగా పెరిగి ఉంది.

ఎవరి పనో అడగక్కర్లేదు. పక్క ప్లాటు పాడ్రిగ్‌ది. డెబ్బై దాటిన మనిషి, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఈ ఎర్ర పూల చిక్కుడు ఏటా అతని ప్లాటులోనే కాస్తుంది.

"పైగా చూడు, పాదులు కూడా తవ్వాడు," అంది సుధేష్ణ. నిరుడు ఆమె మొక్క మొక్కకీ చుట్టూ పాదు తవ్వుతుంటే పాడ్రిగే నవ్వాడు. ఈ దేశపు వానకు నీళ్లు నిలబెడితే మొక్క మునుగుతుందన్నాడు. అన్నట్టే సగం మునిగాయి. అతను మాత్రం మడులు ఎత్తుగా కట్టుకుని హాయిగా పండించుకున్నాడు. "నన్ను చూసి నవ్విన పనే నా నేలలో చేశాడు. ఎంత వెటకారం!"

"ఒకసారి అడిగి చూద్దాం," అన్నాడు శశికాంత్.

"మా నాన్నా అట్లాగే అడుగుదాంలే అనుకున్నాడు."

ఆ కథ శశికాంత్‌కు కంఠతా వచ్చు. పొదిలి దగ్గర సుధేష్ణ నాన్న రెండెకరాలు బీడు పెట్టి హైదరాబాదుకు పనికి వెళ్తే, పక్క పొలంవాడు అందులో కందులు చల్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి ఊరి భూముల లెక్క రాసే అడంగల్లో అనుభవదారు గడిలో వాడి పేరు ఎక్కి కూర్చుంది. ఆ కాగితం పట్టుకుని ఆయన పదేళ్లు తిరిగాడు. నేల రాలేదు.

ఇక్కడి నిబంధనా దానికి తీసిపోదు. ఎనిమిది వారాలు సాగు చేయకపోతే ప్లాటు వెనక్కి తీసుకుంటారు. నెలకోసారి తనిఖీ చేసి, ఏ ప్లాటు ఎవరు సాగు చేస్తున్నారో రిజిస్టరులో రాయిస్తారు. ఆ రోజు తోటలో ఎవరుంటే వాళ్లు ఏ ప్లాటుకైనా రాయొచ్చు. తను మంచం మీద ఉండగా రెండు తనిఖీలు అయిపోయాయి. ఇవాళ మూడోది. తలుచుకుంటేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

ఇంతలో పాడ్రిగ్ తోపుడుబండి నెట్టుకుంటూ వచ్చాడు. కంచె మీద వేలాడుతున్న తీగలను చూసి ఆగాడు.

"పీకొద్దు," అన్నాడు. "తనిఖీ అయ్యేదాకా ఉండనివ్వు."

"ఎందుకు, నీ పంట లెక్కలోకి రావాలనా?"

అతనేదో చెప్పబోయాడు. ఇంకొక్క మాట మాట్లాడితే పోలీసులకు ఫోన్ చేస్తానంది సుధేష్ణ. పాడ్రిగ్ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, తల వంచుకుని చేతులు తుడుచుకున్నాడు. ఆమె మిగతా మొక్కలు కూడా పీకేసింది. పాదుల్ని కాలితో చదును చేసింది, నొప్పి పుడుతున్న కాలితోనే.

తోటల సంఘం సెక్రటరీ అబిగేయిల్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చేసరికి పద్నాలుగో నంబరులో పచ్చని ఆకు ఒక్కటి లేదు.

"మనం రాలేదని మన నోటితో మనమే చెప్పడం దేనికి," అని శశికాంత్ తెలుగులో గొణిగాడు. సుధేష్ణ వినిపించుకోలేదు. దొంగను పట్టించాలంటే నిజం చెప్పాల్సిందేనని ఆమె పట్టుదల. తను లేనప్పుడు పక్కాయన తన నేల ఆక్రమించాడని, ఇదంతా పథకం ప్రకారమే జరిగిందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

అబిగేయిల్ ఒకసారి పాడ్రిగ్ వైపు చూసింది.

"ఇక్కడున్న చిక్కుడు మీది కాదా?" అని సుధేష్ణనే అడిగింది.

"ఒక్క గింజ కూడా నాది కాదు."

"జాగ్రత్తగా చెప్పండి. మీరెన్నాళ్లు రాలేదు?"

"తొమ్మిది వారాలు. ఒక్కరోజు కూడా రాలేదు. కావాలంటే ఆస్పత్రి కాగితాలు చూపిస్తాను."

"అవి ముందే పంపాల్సింది," అంది అబిగేయిల్. రిజిస్టరు తెరిచి రెండు వరుసలు రాసింది. "మీ నోటితో మీరే చెప్పారు కాబట్టి రాయక తప్పలేదు. పద్నాలుగో నంబరు వెయిటింగ్ లిస్టులో తర్వాతివాళ్లకు వెళ్తుంది."

సుధేష్ణ కుంటుతూ ముందుకొచ్చింది. "అంటే దొంగ బాగానే ఉన్నాడు, నా నేల పోయిందా? వెనకటి రెండు తనిఖీల్లో సాగుదారు గడి ఎవరు నింపారు?"

"రెండుసార్లూ పాడ్రిగే రాశాడు."

"విన్నావా?" అంది సుధేష్ణ శశికాంత్‌తో. "చెప్పానా? ఏ దేశమైతేనేం, అదే అడంగలు, అదే గడి. ఆ పేరు నా కళ్లతో నేను చూడాలి."

అబిగేయిల్ వెనకటి పేజీలు తిప్పి రిజిస్టరు ఆమె ముందు పెట్టింది.

రెండు గడుల్లోనూ ఉన్నది సుధేష్ణ పేరు.