పరువుగల వీధి

"ముందు ఆ కాళ్లకి జోళ్లు తొడుక్కో. తరవాత మాట్లాడదాం," అంది లవీనియా.

పక్కింటి వీధిమెట్ల మీద కూచుని బఠాణీలు వొలుస్తున్న మొజెల్ పాట ఆపి తలెత్తింది. తలకి వెలిసిపోయిన గుడ్డ చుట్టుకుంది. వొళ్లో సత్తుపళ్లెం. గౌను మోకాళ్ల దాకా ఎగదోసుకుని, కాళ్లు రెండూ బారజాపుకుని, సొంత పెరట్లో ఉన్నట్టుంది.

"రా అక్కా, కూచో. లోపల ఉడికిపోతన్నాం. ఈడ కాస్త గాలాడతా ఉంది."

అక్కా! లవీనియాకి వొంటిమీద జెర్రి పాకినట్టయింది. షికాగోలో పుట్టి, షికాగోలో చదువుకుని, పళ్ల డాక్టరు పెటిఫర్డ్‌కి భార్య అయి, ఆగస్టు ఎండల్లో కూడా చేతులకి తొడుగులు లేకుండా గడప దాటని మనిషి ఆమె. మిసిసిపీ నుంచి రైలు దిగి వారమైనా కాని ఈ పల్లెటూరి మొద్దుకి తను అక్కట!

"నేను నీకు అక్కనెలా అయ్యాను? మిసెస్ పెటిఫర్డ్ అనాలి."

"అట్టాగే, మిసెస్ పెటిఫర్డక్కా."

అందులో ఉన్నది అమాయకత్వమో వెటకారమో లవీనియాకి అంతుబట్టలేదు. రెండూ ఆమెకి అసహ్యమే.

"చూడమ్మాయ్, ఇది పత్తిచేను కాదు. మన నల్లవాళ్లకి ఇలాంటి వీధిలో ఇల్లు దొరకడమే గగనం. ఎదురు వరసంతా తెల్లవాళ్లు. కిటికీ తెరల వెనక నుంచి మనల్నే కనిపెట్టి చూస్తుంటారు. నువ్విలా తలకి పాత చింకి చుట్టుకుని, నడివీధిలో గొంతు చించుకుని పాడితే వాళ్లేమనుకుంటారు?"

"బఠాణీలు వొలస్తందనుకుంటారు."

"పశువులనుకుంటారు!"

మొజెల్ ఒక కాయ చీల్చి గింజల్ని పళ్లెంలోకి రాల్చింది.

"మా ఊళ్లో తెల్లదొర ఎదురొస్తే బాట దిగి నిలబడాలక్కా. దొరసాని కనబడితే కూచున్నోళ్లం లేవాలి. యాడ కూచోవాలో, యాడ నిలబడాలో ఇంక ఎవురి చేతా చెప్పించుకోకూడదనే సామానంతా అమ్ముకుని వొచ్చినాం. మాయాయన పొద్దుపొడిస్తే కబేళాలో నెత్తురు కడుగుతా ఉంటాడు. ఈ మెట్లు మావే."

లవీనియా పెదవి విరిచింది. ఇలాంటి వాళ్లకి మంచిగా చెబితే ఎక్కదు. ఒక మెట్టు ఎక్కి, ఎదురువాళ్లకి వినబడకుండా గొంతు తగ్గించింది.

"మీకు ఇల్లు అద్దెకిచ్చినాయన నోట్లో పళ్లసెట్టు మావారు కట్టిందే. ఇవాళ సాయంత్రం మా ఇంటికి టీకి వస్తాడు. నేనొక్క మాట అంటే చాలు, తెల్లారేసరికి మీ మూటాముల్లే వీధిలో ఉంటాయి. నీకు గాలే కదా కావలసింది? కావలసినంత గాలి."

మొజెల్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. మొహంలో నవ్వు చెరిగిపోయింది.

"బిడ్డకి జొరమండీ, మిసెస్ పెటిఫర్డ్," అంది నెమ్మదిగా. "ఇప్పుడే కాస్త నిదరపోయింది. దాన్నెత్తుకుని యాడికి పోయేది?"

ఈసారి అక్కా అనలేదు. లవీనియాకి ప్రాణం హాయిగా ఉంది.

"అలా దారికి రా. ఆ గుడ్డ విప్పు. లోపలికి నడు. ఆ పాట మళ్లీ నా చెవిన పడకూడదు."

మొజెల్ పళ్లెం కింద పెట్టి తలగుడ్డ ముడి విప్పుకోసాగింది. అంతలో పొడుగాటి నల్లకారు ఒకటి వీధి మలుపు తిరిగి, వాళ్ల ఎదురుగా వచ్చి ఆగింది. వెనక సీటులో ఈకల టోపీ పెట్టుకున్న తెల్లావిడ. కూచున్నచోటి నుంచే తొడుగు వేసిన వేలితో రమ్మని సైగ చేసింది.

లవీనియా గుండె ఎగిరి గంతేసింది. యుద్ధంలో గాయపడ్డ సైనికులకి కట్టుగుడ్డలు చుట్టి పంపుతున్న తన స్త్రీ సంఘం గురించి మొన్ననే పేపర్లో పడింది. అది చదివే వెతుక్కుంటూ వచ్చి ఉంటుంది! ఇప్పుడా ఈ దరిద్రం ఎదుట పడడం?

"లోపలికి పో, పో!" అని మొజెల్‌ని పళ్లు బిగించి కసిరింది. గౌను మడతలు సరిచేసుకుంది. తొందర కనబడకుండా మెట్టు దిగి, నెలల తరబడి అద్దం ముందు దిద్దుకున్న చిరునవ్వు మొహాన పెట్టుకుని, కారు దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"నమస్కారమండీ. నేను మిసెస్ పెటిఫర్డ్‌ని. మాది ఈ పక్కిల్లే. దయచేయండి, చల్లటి టీ పుచ్చుకుందురుగాని."

తెల్లావిడ ఆ చెయ్యి అందుకోలేదు. లవీనియాని కిందనుంచి పైదాకా ఒకసారి చూసింది. ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్న మొజెల్‌ని అంతే తీరిగ్గా చూసింది.

"మా వంటది నిన్న చెప్పాపెట్టకుండా మానేసింది," అంది. "రేపు పొద్దుటికి మనిషి కావాలి. మీ ఇద్దర్లో ఎవరొచ్చినా నాకొకటే."