అందరూ చుట్టాలే

ముసలాయన వచ్చి సరిగ్గా బొమ్మకు అడ్డంగా నిలబడ్డాడు.

డెల్ఫీన్ టీచరుకు ఒళ్లు మండింది. సాయంత్రమే ఆవిష్కరణ.

బడి గోడ నిండా ఒజిబ్వే ఆదివాసీ తెగ పిల్లలు ఎవరి గోత్రపు జంతువును వాళ్లు వేశారు. ఎలుగు, కొంగ, తాబేలు, చేప. ఒకే నది అన్నిటినీ చుట్టి కలుపుతోంది. పైన పెద్ద అక్షరాలతో 'అందరూ చుట్టాలే' అని రాశారు.

ఒక్క చోటే ఖాళీ. అది టీచరమ్మది.

ఆమెను పొత్తిళ్లలో ఉండగానే సర్కారు ఎత్తుకుపోయి తెల్లవాళ్లకు పెంపకానికి ఇచ్చింది. కన్నతల్లి పేరు ఐడా అని మాత్రం తెలుసు. గోత్రం తండ్రి నుంచి రావాలి. ఆ తండ్రెవరో తెలుసుకోవాలనే ఈ ఊరి బడికి వచ్చింది. తీరా వచ్చాక అడగడానికి నోరు పెగల్లేదు. పొద్దుటి నుంచి కడిగిన కుంచెనే మళ్లీ మళ్లీ కడుగుతోంది.

"ఎవరింటి పిల్లవమ్మా?" అన్నాడు ముసలాయన.

"టీచర్ని."

"అది కాదు. మీ నాయనెవరు? మీదే గోత్రం?"

ఈ ఊళ్లో ఎవరు ఎదురుపడినా ఇదే ప్రశ్న. పుండు మీద కారం చల్లినట్టుంటుంది ఆమెకు.

"తాతా, పనుంది. పక్కకి జరుగు."

"పోనీ, మీ అమ్మ?"

"నీకెందుకయ్యా? గోత్రం లేనిదాన్ని! చాలా? ఇంక వెళ్లు!"

ముసలాయన టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

బడి వంటమనిషి బెర్నీస్ రెండు కప్పుల టీతో హడావిడిగా వచ్చింది.

"ఏడే ఆయన?"

"పంపించేశా. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే ఆరా."

"ఓసి పిచ్చిదానా! ఆరా తీయకుండా చుట్టరికం ఎట్లా కలుపుతారే? పెద్దాళ్లు అడుగుతారు. చిన్నాళ్లు చెప్తారు. తెలియదంటే అప్పుడు పెద్దాళ్లే చెప్తారు. తెలియదంటే నీ సొమ్మేం పోయేది?"

డెల్ఫీన్ కుంచె పడేసి సరస్సు రేవుకు పరుగెత్తింది.

ఆయన ఎక్కిన నీటి విమానం అప్పటికే నీళ్ల మీంచి లేచింది. సరస్సు అంచులు గడ్డకడుతున్నాయి. మంచు గట్టిపడేదాకా మరో విమానం రాదు.

"ఎవరాయన?" వగరుస్తూ అడిగింది.

వెనకే వచ్చిన బెర్నీస్ ఆమె భుజం పట్టుకుంది.

"నువ్వు ఐడా పేరు చెప్పావు చూడు, ఆ రోజే నేను కబురు పెట్టాను. ఈ చలికాలం దాటనేమో, పిల్లని ఒకసారి చూసి పోతానని వచ్చాడు. మీ నాన్నని కన్నతండ్రే ఆయన."