ఈ చిప్పుకు తెల్వదు

రేణుక కంప్యూటర్ తెర మీద మళ్లీ అవే ఎర్ర అక్షరాలు.

"41వ లైను. లీకేజీ కరెంటును పసిగట్టుడు ఈ చిప్పుకు తెల్వదు. గిట్లనే బిగిస్తే పైపు ముట్టినోళ్లకు షాకు కొడ్తది. జర ఆగి ఫోన్ చెయ్యుండ్రి."

కింద ఒక ఫోన్ నంబరు.

"ఏందమ్మా, కంప్యూటర్ మనోళ్ల లెక్క మాట్లాడుతుంది?" జయపాల్ నవ్వాడు.

వనపర్తిలో బోరు మోటార్లకు స్టార్టర్ పెట్టెలు తయారు చేసే షెడ్డు జయపాల్‌ది. పెట్టెలోని చిప్పుకు ప్రోగ్రాం రాసేది రేణుక. ఆమె రాసినదాన్ని చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్‌ను ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టి, ఊరికే వాడుకొమ్మన్నారు.

"పాత చిప్పుకైతే ఏం అనలేదు సార్. కొత్తదాంట్ల ఆ భాగమే లేదు."

"పాతది హైదరాబాద్‌ల దొరుకుతలేదు. సోమవారానికి బల్మూర్‌కు పది పెట్టెలు పోవాలె. పల్లి చేను ఎండుతుందని రైతులు నా పానం తింటుండ్రు. ఆ నంబరుకు చేసి చూడు."

రెండో రింగుకే ఎత్తారు. పెద్దవయసు గొంతు.

"ఏ ఊర్ల పెడ్తుండ్రు బిడ్డా?"

"బల్మూర్ దిక్కు. వనపర్తిల జయపాల్ సారు షెడ్డు నుంచి చేస్తున్న. ఈ ఎర్రర్ ఎట్ల పోతదో చెప్పుండ్రి సార్."

"పోవద్దనే గదా పెట్టింది. పెట్టెలు బిగియ్యకుండ్రి బిడ్డా."

జయపాల్ ఫోన్ లాక్కుని కట్ చేశాడు.

"ఈయన చెప్పేటట్టు లేడు. నువ్వే ఏదన్న చెయ్యి. చదువుకున్నదానివి కాదా?"

వాళ్లింట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి రేణుక. ఉద్యోగంలో చేరి నాలుగు నెలలు. కూలికి పోయినచోటల్లా నాన్న ఆ ముచ్చటే చెబుతున్నాడు.

ఆమె 41వ లైను ముందు రెండు గీతలు పెట్టింది. ఆ గీతలుంటే కంపైలర్ ఆ లైనును చదవకుండా దాటిపోతుంది.

ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి.

సోమవారం పెట్టెలు బల్మూర్ వెళ్లాయి. పాత రంగే. పాత స్టిక్కరే: షాకు కొట్టదు.

బుధవారం పొద్దున షెడ్డు గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడ్డాడు. మాసిన ధోతి, చంకలో సంచి.

"నేను ఓబయ్యను. వడ్డేపల్లి నుంచి వచ్చిన. మొన్న ఫోన్ చేసింది మీరేనా?"

"ఓహో, ఇంజనీర్ సారు!" జయపాల్ కుర్చీలోంచి లేవలేదు. "పాత చిప్పులు అమ్మేటోళ్లు పంపిండ్రా?"

"ఎవరూ పంపలేదు సారు. పెట్టెలు బిగిచ్చిండ్రా?"

"బిగిచ్చినం. నడుస్తున్నయి. మీ ఎర్రర్ లేకుండనే."

ఓబయ్య రేణుక వైపు చూశాడు. ఆమె తల దించుకుంది.

"గంత పరేషాన్ ఉంటే రా, కంప్యూటర్‌ల ఏం చెయ్యాల్నో చూపియ్."

ఓబయ్య తెర వైపైనా చూడలేదు.

"నాకు గది వద్దు సారు. ఏ చేన్ల పెట్టిండ్రో చెప్పుండ్రి, చాలు."

"చూసినవా రేణుకా? తనకొచ్చిన విద్దె చెప్పనీకె మనసొప్పుత లేదు సారుకు. పోవయ్యా పో, మాకు పనుంది."

ఓబయ్య పోలేదు. మధ్యాహ్నం దాకా గేటు బయట ఎండలో కూర్చున్నాడు. రేణుక నీళ్ల సీసా తీసుకుని వెళ్లింది.

"మొదటి పెట్టె ఎల్లయ్య చేన్ల పెట్టినం తాతా. బల్మూర్ దాటినంక, రోడ్డు పక్కనే."

ఆయన నీళ్లు తాగలేదు. సంచి తీసుకుని బస్టాండు వైపు నడిచాడు.

సాయంత్రం నాలుగింటికి జయపాల్ ఫోన్ మోగింది.

మోటారు నడుస్తుండగానే ఎల్లయ్య పైపు జాయింటు బిగించబోయాడట. షాకు కొట్టని పెట్టే కదా అని స్విచ్ ఆపలేదు. చెయ్యి పైపుకు అతుక్కుపోయింది. అప్పుడే చంకలో సంచితో గట్టు దిగి వస్తున్న ముసలాయన ఒకడు బురదలోకి ఉరికి ఎల్లయ్యను పక్కకు తోసి, తను పైపు మీద పడ్డాడట.

ఎల్లయ్య బతికాడు.

నాగర్‌కర్నూల్ దవాఖానలో, శవాల గది బయట బెంచీ మీద ముసలామె కూర్చుని ఉంది. ఓబయ్య భార్య గురవమ్మ అని నర్సు చెప్పింది. జయపాల్ దూరంగానే ఆగిపోయాడు. రేణుక వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూలబడింది.

"తప్పు నాదే అమ్మా. సారు ముందుగాలనే చెప్పిండు. గంత పెద్ద ఇంజనీర్ మాటను నేను ఇనలేదు."

గురవమ్మ అర్థం కానట్టు చూసింది.

"ఏం ఇంజనీర్ బిడ్డా? ఆయన కూలికి పోయేటోడు. సంతకం చెయ్యనీకె కూడ రాదు."

"మరి ఆ కంపైలర్ రాసింది?"

"గదేందో నాకు తెల్వదు. కంప్యూటర్‌ల రాసిందంత మా బిడ్డ మంజుల. కాలేజీల ఉండంగ రాసింది."

"మంజుల ఏది అమ్మా?"

"డెంగీ వచ్చి పోయింది, మూడేండ్లాయె. పిల్ల ఫోన్ ఆయనే పెట్టుకుండె బిడ్డా. గా నంబరుకు ఎవరన్న చేస్తే ఊరి పేరు అడిగి, బస్సెక్కి పోయి, పెట్టె ఊడదీసేదాక వాళ్ల వాకిట్లనే కూసుండేటోడు."