నీడపట్టు ఉద్యోగం

"క్యాన్సరేమోనండీ, దాచకుండా చెప్పండి," అన్నాను, డాక్టరమ్మ ఇంకా లైటైనా వేయకముందే.

"మా అమ్మ నోట మంచిమాట రాదు లెండి," అంది మా అమ్మాయి.

డాక్టరమ్మ దాని చెంపల మీది గోధుమరంగు మచ్చలు పరీక్షగా చూసింది. "ఎండలో చేసే పనా?"

"అబ్బే! నీడపట్టున కూర్చునే ఉద్యోగమండీ." చుట్టాలకు చెప్పే అబద్ధమే అలవాటుగా నోటికొచ్చేసింది.

"ఎండ మచ్చలైతే పూతమందుతో పలచబడతాయి. ఎండే తగలదంటే మాత్రం చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

నువ్వే చెప్పవే అన్నట్టు అమ్మాయి వైపు చూశాను.

"నీడపట్టున కూర్చోబెట్టింది నువ్వే కదమ్మా. నువ్వే లేపు," అంది.

డాక్టరమ్మ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. సిగ్గుతో నా చెవులు కాలిపోతున్నాయి.

"ట్రాఫిక్ కానిస్టేబులండీ. పొద్దస్తమానం ఎండలో, కూడలిలో నిలబడుతుంది మా అమ్మాయి."