తాళం వేసిన చేయి

"పొద్దున పంపిన ఫిర్యాదు ఓసారి తెరువే, తుడిచేద్దాం," అంటూ మేనకోడలి కంప్యూటర్ మీదికి వంగింది అత్త.

తామిద్దరూ పనిచేసే కుట్టుపని దుకాణంలో పట్టుబట్ట తాను కనపడకపోతే, తోటికోడలే కాజేసిందని పొద్దున పై ఊళ్ళోని యజమానికి పేరు లేకుండా రాయించింది. ఆ తాను ఇప్పుడు తన ఇస్త్రీబల్ల వెనకే దొరికింది.

"తెరవలేను అత్తయ్యా. పంపేటప్పుడే దానికి తాళం పడిపోయింది, ఇక యజమాని ఒక్కడే చదవగలడు."

"తాళం వేసింది మనమే కదే!"

"వేయడం వరకే మన వంతు. యజమాని తెరిచిన తాళాలు ఊరందరికీ పంచాడనుకో. ఎవరైనా పెట్టెలో కాగితం వేసి తాళం నొక్కేయొచ్చు. తీసే తాళంచెవి మాత్రం ఆయన దగ్గరే ఉంటుంది, నొక్కినవాళ్ళకీ ఇవ్వడు. బ్యాంకుల్లో, ఫోన్లలో మన రహస్యాలు దాగేది ఇలాగే."

"నా నోటిమాట నాకే అందదన్నమాట."

అంతలో తోటికోడలు టీ గ్లాసు పట్టుకుని వచ్చింది. "పొద్దుటినుంచీ ముఖం మాడ్చుకున్నావేం అక్కా? పంచదార ఎక్కువ వేయించాను, కనీసం నోరైనా తీపవుతుంది."

అత్త గ్లాసు అందుకోకుండా మేనకోడలి వైపు తిరిగింది.

"ఆ తాళం ఇంకోసారి నొక్కొచ్చా?" అంది మెల్లగా.

"ఎన్నిసార్లయినా."

"అయితే ఆ పట్టుతాను నా బల్ల వెనకే ఉందనీ, పొద్దున నింద వేసింది నేనేననీ రాయి. ఈసారి నా పేరు పెట్టు."

తోటికోడలి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. "ఏం నింద అక్కా?"

అత్త తన స్టూలు ఆమె ముందుకు జరిపింది.

"కూర్చో చెల్లీ. నీకు మాత్రం తాళం వేయకుండా చెబుతాను."