ఎవరి కొలత?

రిపోర్టులో ఒక అంకె కింద ఎర్రగీత చూడగానే అత్తగారి గుండె జారిపోయింది.

"థైరాయిడ్ హద్దు దాటిందట! లోపల పసిగుడ్డుకి ఏమన్నా అయితే?"

"ఏం కాదులే అత్తయ్యా" అంది కోడలు, తనకీ భయంగానే ఉన్నా.

కోడలు వేరే జాతి పిల్ల. ముఖం తీరు, ఇంటి భాష, అన్నీ వేరు. పెళ్ళిలో మూతి ముడుచుకుని కూర్చున్న అత్తగారే ఇప్పుడు ఆ పిల్ల తుమ్మినా హడలిపోతోంది.

డాక్టరు గది బయట బెంచీ మీద ఓ ముసలావిడ జరిగి చోటిచ్చింది. చూస్తే కోడలి జాతి మనిషే.

"ఎన్నో నెలమ్మా?"

"నాలుగోదండీ."

"ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

అత్తగారు రిపోర్టు లాక్కుని చంకలో పెట్టుకుంది. "మీకెందుకండీ?"

"కంగారుపడకండి వదినగారూ. ఆ గీత మా ఆడవాళ్ళని చూసి గీసింది కాదు. మా ఒంటి కొలత వేరు."

"మీరేమన్నా డాక్టరా?"

"అబ్బే, బట్టలు కుట్టుకునేదాన్ని. రేపు ఊరొదిలి వెళ్ళిపోతున్నా. ఆఖరిసారి ఈ బెంచీ మీద కాసేపు కూర్చుందామని వచ్చా. ఒక్కసారి చూపించండి..."

"అబ్బబ్బ! జలగలా పట్టుకున్నారేంటండీ!"

"అత్తయ్యా!" కోడలు సిగ్గుతో చచ్చిపోయింది.

ముసలావిడ మాత్రం పకపకా నవ్వింది. "ఆ మాట నాకు కొత్త కాదులే!" అని కోడలి తల నిమిరి, సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

లోపల డాక్టరమ్మ రిపోర్టు చూసింది.

"ఈ హద్దు అందరికీ కలిపి వేసిందండీ. మీ కోడలి జాతి ఆడవాళ్ళకి ఈ నెలల్లో ఇంత ఉండటం మామూలే. మాత్రలు వద్దు. వచ్చే నెల మళ్ళీ చూద్దాం."

అత్తగారు కోడల్ని దగ్గరికి లాక్కుని కళ్ళు తుడుచుకుంది. "మీ చలవ డాక్టరమ్మా!"

"నాదేం లేదండీ. ఒకప్పుడు మాకూ తెలీదు. ఆ జాతి వాళ్ళుండే పేటలో ఒకావిడ, తను కడుపుతో ఉన్నప్పుడు నెలనెలా పరీక్షకి నెత్తురిచ్చింది. ఆ తర్వాత కడుపుతో ఉన్న ప్రతి పిల్లనీ బతిమాలి తెచ్చి, ఆ బయట బెంచీ మీద కూర్చోబెట్టింది. వాళ్ళందరి నెత్తురూ చూశాకే ఈ కొలత తెలిసింది."

"ఆ మహాతల్లి పేరేంటమ్మా? ఆడపిల్ల పుడితే ఆ పేరే పెట్టుకుంటాం!"

డాక్టరమ్మ నవ్వింది.

"పేరు పెట్టి ఎవరు పిలిచారండీ? నెత్తురు కోసం పట్టుకుంటే వదిలేది కాదని, పేటంతా ఆవిణ్ణి జలగమ్మ అనేవాళ్ళు."