పదకొండింటి వైద్యం

“కొత్త తువ్వాలమ్మా! కత్తిరించేస్తావేంటి?”

మెడ తిప్పలేక, టైలరు మనిషంతా తిరిగి అరిచాడు. అప్పటికే అమ్మ అతని కత్తెరతోనే పచ్చ తువ్వాలును నిలువునా రెండు చేసేసింది.

“నీ మెడకి సగం చాలు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నాకు చెప్పకు.”

“మరి మిగతా సగం?”

“దాని పని దానికుంది.”

మెడ పట్టేసి వారమైంది. దిండు మార్చింది, కాపడం పెట్టింది, అమ్మ చెయ్యని వైద్యం లేదు. పొద్దున్నకి తగ్గినట్టే ఉంటుంది, షాపుకి వెళ్లొస్తే మళ్లీ మొదటికొస్తుంది. బడి యూనిఫారాలు అరవై జతలు అలాగే ఉన్నాయి.

“రోజంతా తల దించుకునే కూర్చుంటే ఎలా తగ్గుతుంది? పదకొండు కొట్టగానే తువ్వాలు మీద ఇస్త్రీ పెట్టె తిప్పి, వెచ్చగా మెడకి చుట్టుకో. గుమ్మంలో నిలబడి, తలెత్తి ఎదురుగా చూడు. పది లెక్కపెట్టు.”

“ఎదురుగా ఏముందో తెలిసే అంటున్నావా?”

ఎదురుగా ఉన్నది తమ్ముడి టైలరింగ్ షాపు. నాన్న మిషను ఎవరిదన్న దగ్గర మాటా మాటా పెరిగి, అన్నదమ్ములు ఉప్పూ నిప్పూ అయ్యారు. ఆ మొహం చూడాల్సొస్తుందని ఆరేళ్లుగా ఇతను షాపులో తలెత్తింది లేదు. పంతం అలాంటిది. కానీ నాన్న పక్కన ఒకే బల్ల మీద ఇద్దరూ కాజాలు కుట్టిన రోజులు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ ఏడుపొస్తుంది.

“మెడకి పంతాలు తెలీవురా. సరిగ్గా పదకొండుకి. నిమిషం అటూ ఇటూ అయినా నా వైద్యం పనిచెయ్యదు.”

“గడియారం చూసి చేసే వైద్యమేంటమ్మా?”

“తగ్గకపోతే అప్పుడడుగు.”

షాపులో గడియారం పదకొండు కొట్టింది. టైలరు కుడుతున్న చొక్కా పక్కన పెట్టి, గొణుక్కుంటూనే తువ్వాలు వేడి చేసి చుట్టుకున్నాడు. గుమ్మంలోకొచ్చి, కళ్లు గట్టిగా మూసుకుని తలెత్తాడు. ఒకటి, రెండు, మూడు. మెడ సులువుగానే లేచింది. ఆరు దగ్గర ఉండబట్టలేక కళ్లు తెరిచాడు.

ఎదురు గుమ్మంలో తమ్ముడు నిలబడి, ఇటే చూస్తూ, పెదవులు కదుపుతూ ఏదో లెక్కపెడుతున్నాడు.

అతని మెడకి పచ్చ తువ్వాలు రెండో సగం ఉంది.